డవ్ పబ్బులో పోటు వేళ

1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు నేను రాజమండ్రిలో ఇంటర్ చదువుతున్నాను. నిషేధం ఉన్నన్నాళ్ళూ మా వైపు తాగేవాళ్ళకి ఒకటే దిక్కు, యానాం. అది పాండిచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ ఏ అడ్డూ లేదు. ఎదుర్లంక దగ్గర అప్పటికింకా వంతెన రాలేదు. కోనసీమ వాళ్ళు పంటు ఎక్కి గౌతమి దాటి వెళ్ళి, పని చూసుకుని, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్ళు. తిరుగు పంటులో ఎవరూ ఎవరి మొహమూ చూసేవాళ్ళు కాదని మా మేనమామ చెప్పేవాడు. ఆ పంటులో ఆయనకేం పనో మేమూ అడగలేదు.

తర్వాత 1997లో నిషేధం ఎత్తేశారు. వైన్ షాపులు మళ్ళీ తెరిచారు. అయినా పద్ధతి పెద్దగా మారలేదు. షాపు పక్క సందులో గోడ వైపు తిరిగి నిలబడి, ప్లాస్టిక్ గ్లాసు గడగడా తాగేసి, నోట్లో ఒక వక్కపలుకు వేసుకుని ఇంటికి పోవడమే. కూర్చుని తాగడానికి ఒక చోటు ఉంటుందని, అక్కడికి ముసలమ్మలూ పసిపిల్లలూ కూడా వస్తారని ఎవరైనా చెబితే నేను నమ్మేవాడిని కాదు.

2006లో ఉద్యోగం మీద లండన్ వెళ్ళాను. ఆఫీసు హామర్‌స్మిత్‌లో. మా టీంలో వేల్స్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఆయన కాళ్ళు వాటంతట అవే నది వైపు నడిచేవి. నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఆ దారి నాకిప్పటికీ అడుగడుగునా గుర్తే. ఏ4 రోడ్డు మీద ఆరు వరసల్లో బళ్ళు, చెవులు చిల్లులు పడే రొద. దాని కింద సబ్‌వేలోంచి నడిచి అవతల తేలితే ఫర్నివాల్ గార్డెన్స్ అని చిన్న పార్కు, దాని వెనకాల థేమ్స్. పార్కు చివర నుంచి ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిస్తే నిండిపోయే సందు ఒకటి మొదలవుతుంది. ఆ సందులోనే డవ్. బయట నుంచి చూస్తే ఎవరిదో ఇల్లులా ఉంటుంది తప్ప లోపల ఏముందో తెలియదు.

18వ శతాబ్దం మొదట్లో కట్టిన ఇల్లది. లోపల తల వంచుకుని నడవాలి. నల్లబడిన దూలాలు, కింద అరిగిన నేల, ఒక మూల పొయ్యి. తలుపు తీయగానే కుడి చేతి వైపు ఒక చిన్న గది ఉంది. 4 అడుగుల 2 అంగుళాలు ఒక వైపు, 7 అడుగుల 10 అంగుళాలు ఇంకో వైపు. అత్యంత చిన్న బార్ గదిగా గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. నలుగురు దూరితే ఐదోవాడి మోచెయ్యి ఎవరో ఒకరి గ్లాసులో ఉంటుంది. మేం అక్కడ ఆగేవాళ్ళం కాదు. మెట్లెక్కి, ద్రాక్ష తీగ అల్లుకున్న గాజు గది దాటి, వెనక నది మీదికి ఉన్న టెర్రస్‌కి వెళ్ళిపోయేవాళ్ళం. పెద్ద చోటేమీ కాదు, కొన్ని బల్లలు. ఎండ కాసిన రోజు ఆ బల్లల కోసం లండన్ వాళ్ళ మర్యాద అంతా ఎక్కడికి పోతుందో చూసి తీరాలి.

ఎడమ చేతి వైపు ఆకుపచ్చ రంగు హామర్‌స్మిత్ వంతెన, 1887 నాటిది. ఎదురుగా బార్న్స్ వైపు చెట్లు. కుడి వైపు నది చిజిక్ దాకా వంపు తిరుగుతుంది, పొద్దు గుంకేది అటే.

మొదటిసారి ఆయన నా చేతిలో లండన్ ప్రైడ్ పెట్టాడు. ఒక పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు. మైలు దూరంలో చిజిక్‌లో ఉన్న ఫుల్లర్స్ బ్రూవరీలో చేసిన సరుకు. నురగ తక్కువ, గ్యాస్ లేదు, చల్లగానూ లేదు. మన దగ్గర అలాంటిది ఇస్తే "ఏంటి బాస్, ఫ్రిజ్ పాడైందా" అని అడిగేవాళ్ళు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఇది పీపాలోనే ఇంకా నెమ్మదిగా పులుస్తూ ఉంటుంది. బయట నుంచి గ్యాస్ ఎక్కించరు. కింద సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచి చేతి పంపుతో లాగుతారు. ఐస్‌లో పెడితే రుచంతా చచ్చిపోతుంది. నేను తలూపాను కానీ సగం గ్లాసు దాకా కషాయం తాగినట్టే తాగాను. అలవాటు కావడానికి చాలా శుక్రవారాలు పట్టింది.

పద్ధతులు మాత్రం త్వరగానే పట్టుబడ్డాయి. బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ రారు. మనమే బార్ దగ్గరికి వెళ్ళి అడిగి, ముందే డబ్బులిచ్చి తెచ్చుకోవాలి. అక్కడ వరస ఉండదు. అయినా ఎవరి తర్వాత ఎవరో బార్ వెనకాల అమ్మాయికీ తెలుసు, నిలబడ్డవాళ్ళకీ తెలుసు. నలుగురు వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో రౌండు కొనాలి. తన వంతు వచ్చేసరికి ఫోన్ మాట్లాడుతూ బయటికి జారుకునేవాడి గురించి ఆఫీసంతా మాట్లాడుకుంటారు. మా వాళ్ళలో అలాంటివాడు ఒకడుండేవాడు, పేరు వద్దు. రాత్రి గంట కొట్టి ఆఖరి ఆర్డర్లు అంటారు, అంతే, ఇక బతిమాలినా పొయ్యరు. 2007 జూలైలో లోపల పొగతాగడం నిషేధించే దాకా, పబ్బుకి వెళ్ళొచ్చిన చొక్కా మర్నాడు బాల్కనీలో ఆరేయాల్సిందే.

పొయ్యి పైన ఒక బోర్డు మీద ఆ పబ్బుకి వచ్చిపోయిన పెద్దల పేర్లు రాసి ఉంటాయి. హెమింగ్వే, గ్రాహం గ్రీన్ లాంటివాళ్ళు. రెండో చార్లెస్ రాజు తన ప్రియురాలు నెల్ గ్విన్‌తో ఇక్కడికి వచ్చేవాడని చెబుతారు. జేమ్స్ థామ్సన్ అనే కవి ఈ మేడ మీదే 'రూల్ బ్రిటానియా' పాట రాశాడంటారు. అలలను ఏలమని బ్రిటన్‌కి చెప్పే పాట అది. కాకినాడ రేవు నుంచి మా ముత్తాతల వడ్లు ఓడలెక్కించిన దేశం పాట పుట్టిన ఇంట్లో కూర్చుని నేను చిప్స్ తింటున్నానన్న మాట. వేల్స్ పెద్దాయన అది విని, "మమ్మల్ని మీకంటే ముందే ఏలారు, నువ్వు వరసలో నా వెనక నిలబడు" అన్నాడు.

ఆ పబ్బు చుట్టూ ఉన్న కథల్లో నన్ను పట్టుకున్నది రాజుల కథ కాదు, అక్షరాల కథ. పబ్బుకి రెండడుగుల అవతల, అదే సందులో, కాబ్డెన్-శాండర్సన్ అనే ఆయన పుస్తకాల బైండింగ్ పని చేసేవాడు. 1900లో ఎమరీ వాకర్‌తో కలిసి డవ్స్ ప్రెస్ పెట్టాడు. పబ్బు పేరే ప్రెస్సుకీ పెట్టుకున్నాడు. వాళ్ళకోసమే ప్రత్యేకంగా ఒక టైపు, అంటే అచ్చు అక్షరాల సెట్టు, చేయించుకున్నారు. బొమ్మలు లేవు, అలంకారాలు లేవు, ఆ అక్షరాల అందం మీదే పుస్తకాలు నడిచాయి. తర్వాత భాగస్వాములకు చెడింది. కాబ్డెన్-శాండర్సన్ పోయాక ఆ టైపు వాకర్‌కి చెందాలని ఒప్పందం రాసుకున్నారు. ఈయనకి అది మింగుడు పడలేదు. 1916 ఆగస్టు చివర్లో మొదలుపెట్టి, 1917 జనవరి దాకా, రాత్రిళ్ళు సీసపు అక్షరాలను మూటలు కట్టుకుని హామర్‌స్మిత్ వంతెన మీదికి మోసుకెళ్ళి నదిలో పారబోశాడు. టన్ను పైమాటే. అప్పటికి ఆయన వయసు 76.

తన చేతులతో చేసుకున్నది ఇంకొకడి చేతికి వెళ్ళకూడదని అంత మొండితనం! నాకు ఆయన మీద కోపం రావాలో జాలి పడాలో ఇప్పటికీ తెలియదు. రాజమండ్రిలో మా ఇంటి దగ్గర ప్రెస్సులో కంపోజిటర్ ఒక్కో అక్షరం ఏరి పేర్చడం నేను చిన్నప్పుడు గంటలు గంటలు నిలబడి చూసినవాణ్ణి కాబట్టి, ఆ టన్ను బరువు ఎంత చాకిరీయో కొంచెం తెలుసు. 2014లో రాబర్ట్ గ్రీన్ అనే డిజైనర్ ఆ వంతెన కింద వెతికించి, ఈతగాళ్ళను దింపి, 150 అక్షరాలు బయటికి తీయించాడు. ఆ వార్త చదివిన రోజు వేల్స్ పెద్దాయనకి మెయిల్ పెట్టాను. "ఇంక మిగిలినవి మనం తీద్దాం, ముందు ఒక పైంటు" అని జవాబొచ్చింది.

సరే, అసలు సంగతికి వస్తాను. 2008 వేసవిలో అమ్మానాన్నా వచ్చారు.

మా నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. సగం సర్వీసు ధవళేశ్వరం లాకుల దగ్గర (నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే తలుపులవి), కొన్నాళ్ళు మురమళ్ళ వైపు ఏటిగట్టు మీద. జీవితంలో చుక్క ముట్టలేదు. లండన్ టవర్ చూపిస్తే ఆవులించాడు. రాణిగారి ఇంటి ముందు నిలబెడితే, "ఆవిడ బయటికి వస్తుందా, రాదా?" అని అడిగి వెనక్కి తిరిగాడు. ఆయన ఊరి నుంచి అనుకుని వచ్చినవి రెండే. ఒకటి డార్కింగ్‌లో కాటన్ దొర సమాధి. అది మొదటి వారంలోనే అయిపోయింది. పూలు పెట్టి, చెప్పులు విడిచి, సమాధి రాయి మీద పేరు వేలితో తడిమి చూసుకున్నాడు. రెండోది థేమ్స్.

"ఆదివారం నది ఒడ్డున భోజనం చేద్దాం" అన్నాను.

"హోటలా?" అంది అమ్మ.

"పబ్బు."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నా వైపు చూశాడు. "ఏరా, ఇంత వయసొచ్చాక మమ్మల్ని బారుకి తీసుకెళ్తావా?" అన్నాడు. "నది పక్కనే నాన్నా, బల్ల మీద నుంచి చెయ్యి చాపితే నీళ్ళు" అన్నాను. చెప్పులు వేసుకున్నాడు. అమ్మ మాత్రం పట్టుచీర కట్టుకుంది. పరువు పోయే చోటికి వెళ్ళేటప్పుడు కనీసం చీరైనా బాగుండాలని ఆవిడ లెక్క.

అదృష్టం కొద్దీ టెర్రస్ మీద బల్ల దొరికింది. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన, కాళ్ళ దగ్గర ఆయన కుక్క, దానికో గిన్నెలో నీళ్ళు. ఇంకో పక్క ఉయ్యాల తొట్టి లాంటి బండిలో పసిబిడ్డ. అమ్మ ఒకసారి అంతా కలియజూసి, "పిల్లల తల్లులు కూడా వస్తారా?" అని భుజాలు కాస్త దించి కూర్చుంది.

ఆదివారం కాబట్టి రోస్టు. నాన్న కోడి తింటాడు, గొడ్డుమాంసం ముట్టడు. చికెన్ రోస్టు చెప్పాను కానీ గ్రేవీ మీద అనుమానం. అది దేని ఎముకలతో కాస్తారో చెప్పలేం. బార్ దగ్గర అమ్మాయిని అడిగితే, వంటింట్లోకి వెళ్ళి కనుక్కొచ్చి, "ఆ గ్రేవీ వద్దు, శాకాహారులకి చేసింది వేరే ఉంది, అది పోయిస్తాను" అంది. మొహం చిట్లించలేదు, విసుక్కోలేదు. మన వాళ్ళు పబ్బుల్లో తినడానికి జంకేది ఇలాంటి చోటే. అడిగితే చెబుతారు. చిప్స్ దేంట్లో వేయించారో కూడా అడగొచ్చు, కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు.

నాన్నకి జింజర్ బీర్ తెచ్చిపెట్టాను. "పేరులో బీరుంది కదరా" అన్నాడు. సీసా మీది అక్షరాలన్నీ కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఆల్కహాల్ లేదని తేలాక ఒక గుక్క వేసి, తుమ్మి, "అల్లం బాగానే దంచారు" అన్నాడు.

అమ్మ ఫిష్ అండ్ చిప్స్ తీసుకుంది. పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప, పళ్ళెం నిండా ఉంది. ఫోర్కుతో అటూ ఇటూ తిప్పి చూసింది. "ముల్లేదీ?" అంది. తీసేస్తారని చెప్పాను. "ముల్లు లేకుండా తింటే చేప తిన్నట్టు ఎలా తెలుస్తుంది?" పుస్తెలమ్మి అయినా పులస తినాలని చెప్పుకునే ఊరి మనిషి ఆవిడ, ఆమాత్రం అంటుంది. బల్ల మీద చిన్న గిన్నెలో తెల్లగా ఏదో ఉంటే కొబ్బరి చట్నీ అనుకుని చెంచాడు నోట్లో వేసుకుంది. అది హార్స్‌రాడిష్. నేను చెప్పేలోపే ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్ళ వెంట నీళ్ళు. నేను మంచినీళ్ళు అందిస్తుంటే చెయ్యి అడ్డంపెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఆవ పెట్టిన పెరుగుపచ్చడిలా ఉందిరా" అని ఇంకో చెంచా వేసుకుంది. ఆ మధ్యాహ్నం ఆ గిన్నె ఖాళీ అయింది. చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్ కూడా తిని, ఖర్జూరం వేశారని పట్టేసింది.

నాన్నకి మాత్రం పళ్ళెం మీద ధ్యాస లేదు. నది వైపే చూస్తున్నాడు. వంతెన వైపు నుంచి ఒక చెక్క ముక్క తేలుతూ వచ్చి మా ముందు నుంచి చిజిక్ వైపు పోయింది. అంటే ఎగువకి.

"పోటు" అన్నాడు. "సముద్రం ఎంత దూరంరా?"

నేను నోరు తెరిచేలోపు పక్క బల్ల ముసలాయన, మా మాట అర్థం కాకపోయినా వేలు చూపించిన దిక్కు చూసి, "అవును, ఇంకో గంట పైకే పోతుంది" అన్నాడు. అక్కడ మొదలైంది. ఆయన వయసులో ఉన్నప్పుడు థేమ్స్ మీద సరుకు బార్జీలు నడిపినవాడట. పోటు మీద ఎగువకి, పాటు మీద దిగువకి, ఇంజను కన్నా నీటినే ఎక్కువ నమ్ముకున్న బతుకు. దిగువన లండన్ బ్రిడ్జి దగ్గర పోటుకీ పాటుకీ తేడా 7 మీటర్ల దాకా ఉంటుందని, టెడింగ్టన్ లాకు దగ్గర ఆ ఆట ఆగిపోతుందని చెప్పాడు. లాకు అన్న మాట వినగానే నాన్న కుర్చీ అటు తిప్పుకున్నాడు.

నేను మధ్యలో దుబాసీని. కాసేపటికి నేనూ అక్కర్లేకపోయింది. నాన్న రెండు అరచేతులూ వి ఆకారంలో కలిపి లాకు తలుపులు ఎలా బిగుసుకుంటాయో చూపించాడు, ముసలాయన తన చేతులు కలిపి ఎక్కువ నీరున్న వైపు నుంచి పడే ఒత్తిడే తలుపుల్ని బిగిస్తుందని చూపించాడు. అమ్మ కుక్కకి చిప్స్ పెడుతోంది.

ముసలాయన 1953 జనవరి ఆఖరి రాత్రి ఉప్పెన గురించి చెప్పాడు. ఉత్తర సముద్రం పొంగి తూర్పు తీరమంతా మునిగి, ఇంగ్లండ్‌లో మూడు వందల మందికి పైగా పోయారు. ఉప్పెన నీళ్ళని అడ్డుకునే థేమ్స్ బారియర్ కట్టడానికి బీజం పడింది అక్కడే. అది విని నాన్న 1986 ఆగస్టు చెప్పాడు. గోదావరికి 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన ఏడు. రాత్రంతా ఏటిగట్టు మీద లాంతరు పట్టుకుని ఎక్కడ ఊట వేస్తుందో చూస్తూ తిరిగాడట. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండు, 17.75కి మూడు. ఈ అంకెలు ఆయనకి మా పుట్టినరోజుల కన్నా బాగా గుర్తు. ముసలాయన కోసం నేను క్యూసెక్కులు ఘనపు మీటర్లలోకి మార్చి, సెకనుకి దాదాపు లక్ష అని చెప్పాను. "ఒక సున్నా ఎక్కువ పడిందేమో చూడు" అన్నాడు. మళ్ళీ లెక్కేసి చూపించాను. ఆయన లేచి వెళ్ళి నాన్నకి ఇంకో జింజర్ బీర్ కొనుక్కొచ్చాడు.

నాన్నకి పద్ధతి ఎవరు చెప్పారో తెలియదు, ఆ సీసా సగం అయ్యేసరికి నా మోచెయ్యి పొడిచి, "ఇప్పుడు మన వంతు కదా, ఆయనకేం కావాలో అడుగు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా నాన్న ఇంకో మనిషికి మందు కొనిచ్చింది అదొక్కసారే. డబ్బులు నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

మరుసటి వారం టెడింగ్టన్ తీసుకెళ్ళాను. అక్కడి పెద్ద లాకు పొడవు 650 అడుగులు, 1904లో తెరిచారు. నాన్న దాని ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, గ్రీజు సరిగ్గా పెట్టారా లేదా అని చూసి, బాగుందన్నాడు.

వాళ్ళు ఊరికి వెళ్ళాక నాన్న పోస్టులో ఒక ఫొటో పంపాడు. వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ, గేట్లన్నీ ఎత్తి ఉన్నది. 'ఆ పెద్దాయనకి ఇవ్వు' అని వెనక పెన్సిల్‌తో. డవ్‌కి వెళ్ళినప్పుడల్లా చూశాను, ఆయన కనపడలేదు. చివరికి కవర్లో పెట్టి, కుక్క గుర్తులు చెప్పి బార్ దగ్గర ఇచ్చాను. ఆ శీతాకాలంలో ఒక శుక్రవారం బార్ అమ్మాయి నన్ను గుర్తుపట్టి చేతికో చిన్న పుస్తకం ఇచ్చింది. పోర్ట్ ఆఫ్ లండన్ వాళ్ళు ఏటా అచ్చువేసే పోటు పాట్ల పట్టిక, వచ్చే సంవత్సరానిది. 'లాకుల ఇంజనీరు గారికి' అని రాసి ఉంది. వర్క్ ఇన్‌స్పెక్టరుకి ఆ ప్రమోషన్ ఎవరిచ్చారో నేను సరిదిద్దలేదు.

ఇప్పుడు ఫుల్లర్స్ వాళ్ళ బీరు వ్యాపారం జపాన్ కంపెనీ అసాహి చేతికి వెళ్ళింది, 2019లో. అదే ఏడు పగుళ్ళు కనపడ్డాయని హామర్‌స్మిత్ వంతెన మీద బళ్ళు ఆపేశారు. వేల్స్ పెద్దాయన రిటైరై తన ఊరికి వెళ్ళిపోయాడు. నేనూ హైదరాబాద్ వచ్చేశాను.

అంతకు ముందు, నేనింకా అక్కడ ఉన్నప్పుడు, ఆ పుస్తకం తిరగేస్తూ నాన్న ఫోన్లు చేసేవాడు. లండన్ బ్రిడ్జి వేళకి ఓ అరగంట పైన కలుపుకుంటే హామర్‌స్మిత్ లెక్క వస్తుందని ఆయనే కనిపెట్టాడు. "ఆదివారం మూడింటికి మంచి పోటుందిరా, పట్టిక ప్రకారం ఈ నెలలో ఇదే పెద్దది. రెండింటికల్లా వెళ్ళి బల్ల పట్టుకో. అమ్మ అడుగుతోంది, ఆ ఘాటు పచ్చడి సీసాల్లో అమ్ముతారా?"